స్ప్రెడ్‌షీట్‌లో ఫుట్‌బాల్ బెట్టింగ్ మోడల్ కట్టడం: మొదటి కాలమ్ నుంచి ఉత్తుత్తి పందేల దాకా

బెట్టింగ్ మోడల్ అనగానే ఎవరు గెలుస్తారో ముందే చెప్పేసే యంత్రం అనుకుంటారు చాలామంది. షీట్ తెరిచి పది మ్యాచ్‌లు లెక్కేస్తే చాలు, ఆ భ్రమ తీరిపోతుంది. మోడల్ చెప్పేది శాతాలు మాత్రమే: ఈ జట్టు గెలిచే అవకాశం ఇంత, డ్రా అయ్యే అవకాశం ఇంత అని. ఆ శాతాలను బుకీ ఇచ్చే ధర పక్కన పెట్టి, ఎవరి లెక్క నిజానికి దగ్గరగా ఉందో వందల మ్యాచ్‌ల మీద తేల్చుకోవాలి. మోడల్ కట్టడం రెండు రోజుల పని. అది నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఆ రెండో పనికే ఎక్కువ చోటు ఇచ్చాను.

కావలసినవి ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ, స్కూల్లో నేర్చుకున్న గుణకారాలు, భాగహారాలు, కాస్త ఓపిక. డబ్బు అక్కర్లేదు. ఇక్కడ చెప్పేదంతా ఉత్తుత్తి పందేలతోనే నేర్చుకోవచ్చు, అలాగే నేర్చుకోవాలి కూడా. చాలాచోట్ల నిజం పందెం చట్టవిరుద్ధం. చట్టం ఒప్పుకునే చోట కూడా పరీక్షించని మోడల్ మీద డబ్బు పెట్టడమంటే కళ్లకు గంతలు కట్టుకుని రోడ్డు దాటడమే.

ఫార్ములాల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. షీట్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు ధరను శాతంగా చదవడం నేర్చుకోండి

బుకీ ఇచ్చే ధరనే ఆడ్స్ అంటారు. దశాంశ ఆడ్స్ 1.65 అంటే, 100 పెట్టి గెలిస్తే పెట్టిన 100తో కలిపి 165 చేతికొస్తుంది. ఆ ధర వెనకున్న శాతం కావాలంటే 1ని ఆడ్స్‌తో భాగించాలి. ఒక మ్యాచ్‌కి హోమ్ (సొంత మైదానంలో ఆడే జట్టు గెలుపు) 1.65, డ్రా 4.00, అవే (బయటి నుంచి వచ్చిన జట్టు గెలుపు) 5.50 అని ధరలున్నాయనుకోండి. శాతాలు 60.6, 25.0, 18.2. కూడితే 103.8 వస్తుంది. ఒక మ్యాచ్‌కి 100 శాతం కన్నా ఎక్కువ అవకాశాలు ఉండవు కదా, ఆ పైనున్న 3.8 బుకీ మార్జిన్. అతను బతికేది దాని మీదే.

మార్జిన్ తీసేయాలంటే ఒక్కో శాతాన్నీ ఆ మొత్తంతో భాగించండి. అప్పుడు 58.4, 24.1, 17.5 వస్తాయి. ఇవి మార్కెట్ అంచనాలు. ఇంతకన్నా పకడ్బందీగా మార్జిన్ తీసే పద్ధతులు ఉన్నాయి. గెలిచే ఆశ తక్కువున్న జట్ల మీద బుకీలు సాధారణంగా మార్జిన్ ఎక్కువ వేస్తారు కాబట్టి వాటి అవసరం ఉంటుంది. మొదలుపెట్టడానికి మాత్రం ఈ భాగహారం సరిపోతుంది.

ఈ మూడు అంకెలనూ గుర్తుంచుకోండి, చివరిదాకా వీటితో పని ఉంది.

డేటా

లీగ్ ఫుట్‌బాల్‌తో మొదలుపెట్టమనే నా సలహా. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, సీజన్‌కి 380 మ్యాచ్‌లు, ప్రతి జట్టూ మిగతా ప్రతి జట్టుతో సొంత మైదానంలో ఒకసారి, బయట ఒకసారి ఆడుతుంది. ఇంత సమతూకంగా ఉండే డేటా మరో ఆటలో దొరకడం కష్టం. ఫుట్‌బాల్-డేటా.కో.యూకే అనే సైట్‌లో ఏళ్ల తరబడి ఫలితాలు, ఆడ్స్‌తో సహా, ఉచితంగా సీఎస్‌వీ ఫైళ్లుగా (షీట్‌లో నేరుగా తెరుచుకునే పట్టికలు) దొరుకుతాయి. కనీసం నాలుగు సీజన్లు దింపుకోండి.

ఒకే షీట్‌లో, మ్యాచ్‌కి ఒక వరుస చొప్పున పెట్టండి. ఎ కాలమ్‌లో తేదీ, బిలో హోమ్ టీమ్, సిలో అవే టీమ్, డిలో హోమ్ గోల్స్, ఇలో అవే గోల్స్, ఎఫ్, జి, హెచ్‌లలో మూడు ఆడ్స్. ఆడ్స్‌లో మ్యాచ్ మొదలయ్యే ముందు నిలిచిన చివరి ధర, అంటే క్లోజింగ్ ఆడ్స్, దొరికితే అదే తీసుకోండి. గాయాలు, జట్టు కూర్పు, పెద్ద పందేలు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి కాబట్టి అంతకన్నా గట్టి కొలబద్ద లేదు.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి తేదీ. ఫైల్‌లో రోజు ముందు, నెల తర్వాత ఉంటుంది. మీ కంప్యూటర్ నెల ముందు అనుకుంటే ఆగస్ట్ 5 కాస్తా మే 8 అయిపోతుంది, 12వ తేదీ దాటినవి ఉత్త అక్షరాలుగా మిగిలిపోతాయి. దిగుమతి అవగానే తేదీ కాలమ్‌ని క్రమంలో పేర్చి, సీజన్ ఆగస్ట్‌లో మొదలై మేలో ముగుస్తోందో లేదో కంటితో చూడండి. రెండోది జట్ల పేర్లు. రెండు చోట్ల నుంచి డేటా తెస్తే ఒకే జట్టు రెండు పేర్లతో వస్తుంది. పేరు చివర కంటికి కనిపించని ఖాళీ ఉన్నా షీట్ దాన్ని వేరే జట్టుగానే లెక్కేస్తుంది. ట్రిమ్ ఫార్ములా ఆ ఖాళీలను తీసేస్తుంది. తర్వాత జట్ల పేర్ల జాబితా తీసి, సీజన్‌కి సరిగ్గా 20 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

జట్టు బలాన్ని అంకెగా మార్చడం

ప్రతి జట్టుకీ రెండు గుణాలు కావాలి: దాడి, రక్షణ. రెండింటినీ లీగ్ సగటుతో పోల్చి కొలుస్తాం. 1 అంటే సగటు జట్టు. దాడి 1.20 అంటే సగటు కన్నా 20 శాతం ఎక్కువ గోల్స్ వేస్తుంది. రక్షణ 0.80 అంటే సగటు కన్నా 20 శాతం తక్కువ ఇస్తుంది. రక్షణలో అంకె తగ్గేకొద్దీ మంచిది. మొదట్లో ఇది తికమక పెడుతుంది, కాలమ్ పేరు "ఇచ్చే గోల్స్" అని పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

నీలం జట్టు, ఎరుపు జట్టు అని రెండు ఊహించుకుందాం. లీగ్‌లో హోమ్ టీమ్ సగటున 1.50 గోల్స్, అవే టీమ్ 1.20 గోల్స్ వేస్తున్నాయి. నీలం సొంత మైదానంలో మ్యాచ్‌కి 1.80 వేసి, 0.96 ఇస్తోంది. కాబట్టి దాడి 1.80/1.50 = 1.20, రక్షణ 0.96/1.20 = 0.80. ఎరుపు బయటికెళ్లినప్పుడు 1.08 వేసి, 1.65 ఇస్తోంది. దాడి 0.90, రక్షణ 1.10.

నీలం మైదానంలో ఆడితే:

నీలం అంచనా గోల్స్ = 1.50 × 1.20 × 1.10 = 1.98
ఎరుపు అంచనా గోల్స్ = 1.20 × 0.90 × 0.80 = 0.864

సొంత మైదానం బలం 1.50, 1.20 అనే రెండు సగటుల్లోనే ఇమిడిపోయింది, విడిగా కలపనక్కర్లేదు. కానీ ఆ సగటులు ఎప్పటికీ అలాగే ఉంటాయనుకోకండి. స్టేడియాలు దాదాపు ఖాళీగా ఉన్న 2020-21 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో హోమ్ గెలుపులు 144, అవే గెలుపులు 153. అంతకుముందెప్పుడూ ఆ లీగ్‌లో అవే గెలుపులు పైచేయి కాలేదు. ఆ సీజన్ మీద కట్టిన మోడల్‌ని జనం తిరిగొచ్చాక అలాగే వాడితే హోమ్ జట్లన్నిటినీ తక్కువగా చూస్తుంది. గోల్స్ మొత్తం కూడా అంతే, 2023-24లో 380 మ్యాచ్‌ల్లో 1246 గోల్స్ పడ్డాయి, మ్యాచ్‌కి 3.28. పాత సగటుతో కూర్చున్న మోడల్ ఆ ఏడాది పొడుగునా తక్కువే చెప్పి ఉండేది.

సీజన్ మొదట్లో ఇంకో చిక్కు. అయిదు మ్యాచ్‌ల్లో 15 గోల్స్ వేసిన జట్టుకి సగటు 3.00 అని రాసేస్తే అది అతిశయోక్తి. దీనికి మందు చాలా తేలిక. ప్రతి జట్టూ లీగ్ సగటుతో మరో పది మ్యాచ్‌లు ఆడినట్టు లెక్కలో కలపండి. (15 + 10 × 1.50) / (5 + 10) = 2.00. మ్యాచ్‌లు పెరిగేకొద్దీ ఆ ఊహా మ్యాచ్‌ల ప్రభావం దానంతటదే కరిగిపోతుంది. పది అనే అంకె దైవవాక్యం కాదు. 5, 10, 15, 20 పెట్టి చూసి, పాత సీజన్ల మీద ఏది మెరుగో తేల్చుకోండి. కింది డివిజన్ నుంచి పైకొచ్చిన మూడు జట్లను మాత్రం లీగ్ సగటు వైపు లాగకండి. గతంలో అలా పైకొచ్చిన జట్లు తొలి సీజన్‌లో ఎంత వేశాయో, ఎంత ఇచ్చాయో ఆ సగటు వైపు లాగండి.

గోల్స్ నుంచి ఫలితాలకు: పాయిసన్ పట్టిక

1.98 గోల్స్ ఎవరూ వేయరు. వేస్తే 1, లేదా 2, లేదా 3. సగటు తెలిసినప్పుడు ఒక్కో అంకె వచ్చే అవకాశం ఎంతో చెప్పేది పాయిసన్ సూత్రం. అరుదుగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే సంఘటనలకు ఇది బాగా నప్పుతుంది. 19వ శతాబ్దం చివర్లో ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్క ఈ సూత్రానికి చక్కగా సరిపోవడం అందరూ చెప్పుకునే ఉదాహరణ. ఫుట్‌బాల్ గోల్ కూడా తొంభై నిమిషాల్లో అరుదుగా జరిగే సంఘటనే. జట్లకు దాడి, రక్షణ అంకెలిచ్చి పాయిసన్‌తో స్కోర్లు లెక్కించే పద్ధతిని మైక్ మహర్ 1982లో ప్రచురించారు. మనం చేస్తున్నది దాదాపు అదే.

కొత్త షీట్‌లో ఎడమ కాలమ్‌లో కిందికి 0 నుంచి 8 దాకా నీలం గోల్స్, పై వరుసలో అడ్డంగా 0 నుంచి 8 దాకా ఎరుపు గోల్స్ రాయండి. ప్రతి సెల్‌లోనూ ఈ గుణకారం:

=పాయిసన్.డిస్ట్(నీలం గోల్స్, 1.98, ఫాల్స్) * పాయిసన్.డిస్ట్(ఎరుపు గోల్స్, 0.864, ఫాల్స్)

ఆ ఫాల్స్ ముఖ్యం. ట్రూ పెడితే "సరిగ్గా రెండు గోల్స్" బదులు "రెండు లేదా అంతకన్నా తక్కువ" అవకాశం వస్తుంది, పట్టిక మొత్తం చెడిపోతుంది. తప్పు పట్టుకోవడానికి పట్టికంతా కూడండి. 1కి వెంట్రుకవాసి తక్కువ రావాలి.

ఇప్పుడు ఐమూలగా ఉన్న సెల్స్, 0-0, 1-1, 2-2, కూడితే డ్రా. దాని కింద ఉన్నవన్నీ నీలం గెలుపు, పైన ఉన్నవన్నీ ఎరుపు గెలుపు. మన ఉదాహరణలో నీలం 63.4 శాతం, డ్రా 20.9, ఎరుపు 15.6. మూడు లేదా అంతకన్నా ఎక్కువ గోల్స్ పడే అవకాశం 54.1 శాతం, అదీ ఇదే పట్టిక నుంచి.

పట్టికలో అన్నిటికన్నా పెద్ద అంకె ఏ సెల్‌లో ఉందో చూడండి. 1-0, అదీ 11.5 శాతమే. అంటే మోడల్ తన దగ్గరున్న అత్యుత్తమ స్కోరు చెప్పినా వందలో 88 సార్లు తప్పుతుంది. మోడల్ సరిగ్గా కట్టినా ఇంతే. "స్కోర్ చెప్తా" అనేవాళ్ల మాట వినేటప్పుడు ఈ సెల్ గుర్తు తెచ్చుకోండి.

డ్రాలు ఎందుకు తక్కువొస్తాయి

మార్కెట్ డ్రాకి 24.1 ఇస్తే మన మోడల్ 20.9 ఇచ్చింది. ఈ తేడాలో కొంత మోడల్ లోపమే. రెండు జట్ల గోల్స్‌కి ఒకదానితో ఒకటి సంబంధం లేదని మనం అనుకున్నాం. నిజానికి 0-0, 1-1 స్కోర్లు ఈ లెక్క చెప్పేదానికన్నా కాస్త ఎక్కువగా వస్తాయి. డిక్సన్, కోల్స్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1997లో దీనికి ఒక దిద్దుబాటు చూపించారు. పట్టికలో నాలుగే నాలుగు సెల్స్ మార్చాలి. ర అనే చిన్న అంకె తీసుకోండి, ఉదాహరణకి 0.10.

0-0 సెల్‌ని (1 + ర × 1.98 × 0.864)తో గుణించండి.
1-1 సెల్‌ని (1 + ర)తో.
నీలం 1-0 గెలిచే సెల్‌ని (1 − ర × 0.864)తో.
నీలం 0-1 ఓడే సెల్‌ని (1 − ర × 1.98)తో.

చేసి చూడండి, నాలుగు సెల్స్‌లోనూ మార్పు సమానంగా, ఒక్కోటి సుమారు 1 శాతం వస్తుంది. రెండింట్లో పెరిగి, రెండింట్లో తగ్గుతుంది కాబట్టి మొత్తం చెక్కు చెదరదు. డ్రా 20.9 నుంచి 22.9కి ఎక్కింది, నీలం గెలుపు 63.4 నుంచి 62.4కి దిగింది. ఒక్క శాతమేగా అనిపిస్తుంది. ధర పక్కన పెట్టినప్పుడు ఆ ఒక్క శాతం ఎంత చేస్తుందో కాసేపట్లో తెలుస్తుంది. ర విలువని పాత సీజన్ల నుంచే తేల్చుకోవాలి, నేనిచ్చిన 0.10 లెక్క చూపించడానికి మాత్రమే.

రేపటి పేపర్ చూసి ఇవాళ రాసిన పరీక్ష

ఈ భాగం మాత్రం నిదానంగా చదవండి. నేను మొదటిసారి కట్టిన షీట్‌లో పాత సీజన్ మీద ఉత్తుత్తి పందేలు వేసి చూస్తే లాభం గీత మెట్లెక్కినట్టు పైకే పోయింది. రెండు వారాలు ఆ గ్రాఫ్ చూసుకుంటూ గడిపాను. తర్వాత ఒక రాత్రి, అక్టోబర్‌లో జరిగిన ఒక మ్యాచ్ వరుసలో దాడి సగటు ఉన్న సెల్ మీద డబుల్ క్లిక్ చేశాను. ఫార్ములా ఏ సెల్స్‌ని చూస్తోందో ఆ చుట్టూ రంగు గీత వస్తుంది కదా, ఆ గీత డి2 దగ్గర మొదలై డి381 దాకా పోయింది. అంటే అక్టోబర్ మ్యాచ్‌ని అంచనా వేయడానికి నా షీట్ మే నెల ఫలితాలను కూడా చూసుకుంటోంది. ఆ మ్యాచ్ ఫలితాన్ని కూడా. లీక్ మూసేశాక లాభం గీత పడిపోయి సున్నా కిందికి వెళ్లింది. చాలా బాధేసింది, కానీ అంతకన్నా విలువైన పాఠం ఆ షీట్ నాకు ఇంకోటి నేర్పలేదు.

మూయడం ఇలా. నీలం హోమ్ సగటుకి మామూలుగా రాసే ఫార్ములాలో తేదీ షరతు ఒకటి కలపాలి:

=యావరేజ్‌ఇఫ్స్(డి:డి, బి:బి, బి2, ఎ:ఎ, "<"&ఎ2)

"ఈ జట్టు సొంత మైదానంలో, ఈ తేదీకి ముందు ఆడిన మ్యాచ్‌లు మాత్రమే" అని దీనర్థం. లీగ్ సగటుకీ ఇదే షరతు పెట్టాలి, అక్కడ మర్చిపోయేవాళ్లు ఎక్కువ. అన్నీ పెట్టాక ఒక చిన్న పరీక్ష చేయండి. సీజన్ చివరి నెల ఫలితాలన్నిటినీ 9-0 అని మార్చేయండి. అంతకుముందు నెలల అంచనాల్లో ఒక్క అంకె కదిలినా ఎక్కడో లీక్ ఉన్నట్టే. వెంటనే అన్‌డూ చేయడం మర్చిపోకండి, లేదా షీట్ కాపీ మీదే ఈ పని చేయండి.

లీక్‌లో ఇంకో రకం ఉంది, ఇది ఫార్ములాల్లో దొరకదు. ఊహా మ్యాచ్‌లు ఎన్ని, ర ఎంత అని మీరు ఏ సీజన్లు చూసి తేల్చుకున్నారో, అవే సీజన్ల మీద పరీక్షిస్తే మార్కులు బాగానే వస్తాయి, అది గొప్ప కాదు. నాలుగు సీజన్లుంటే మొదటి రెండింటితో కొలతలు తేల్చుకోండి, మిగతా రెండింటినీ తాళం వేసి పెట్టండి. ఒక్కసారే తెరవాలి. ఫలితం నచ్చక కొలతలు మార్చి మళ్లీ పరీక్షిస్తే ఆ రెండు సీజన్లూ కూడా మైలపడిపోయినట్టే, కొత్త డేటా కోసం ఆగాల్సిందే.

మార్కులు వేసే పద్ధతి

ఎన్ని మ్యాచ్‌లు సరిగ్గా చెప్పిందని లెక్కపెట్టకండి. 51 శాతం అన్న మ్యాచ్, 90 శాతం అన్న మ్యాచ్ ఆ లెక్కలో ఒకటే అయిపోతాయి. లాగ్ నష్టం వాడండి. నిజంగా జరిగిన ఫలితానికి మోడల్ ఎంత శాతం ఇచ్చిందో తీసుకుని, −ఎల్ఎన్(ఆ అంకె) రాయడమే. ఎల్ఎన్ అంటే షీట్‌లో సహజ లాగరిథం ఫార్ములా. తక్కువొస్తే మంచిది. మన మ్యాచ్‌లో నీలం గెలిస్తే మోడల్‌కి 0.45, మార్కెట్‌కి 0.54. ఎరుపు గెలిస్తే మోడల్‌కి 1.86, మార్కెట్‌కి 1.74. ధీమాగా చెప్పి తప్పితే శిక్ష ఎక్కువన్నమాట. ఏమీ తెలియనివాడు మూడు ఫలితాలకూ సమానంగా మూడో వంతు ఇస్తే ప్రతి మ్యాచ్‌కీ 1.10 వస్తుంది.

పరీక్ష సీజన్ల 760 మ్యాచ్‌ల మీద మూడు సగటులు పక్కపక్కన పెట్టండి: 1.10, మీ మోడల్, మార్జిన్ తీసేసిన క్లోజింగ్ ఆడ్స్. 1.10ని మీ మోడల్ సులువుగానే దాటుతుంది. మార్కెట్‌ని దాటదు, నేనిప్పటిదాకా చెప్పిన మోడల్ దాటదు. దీనికి నిరుత్సాహపడాల్సిన పనిలేదు. గోల్స్ మాత్రమే చూసే షీట్ ఎదుట గాయాలు, సస్పెన్షన్లు, వాతావరణం, లక్షల మంది పందేలు అన్నీ కలిసిన ధర ఉంది. మార్కెట్‌కి ఎంత దగ్గరగా వచ్చారన్నదే మొదటి ఏడాది కొలత.

దీంతోపాటు శాతాల నిజాయితీ కూడా చూడండి. మోడల్ 60 నుంచి 65 శాతం ఇచ్చిన మ్యాచ్‌లన్నీ కౌంట్‌ఇఫ్స్‌తో ఏరి, వాటిలో నిజంగా ఎన్ని గెలిచాయో చూడాలి. ప్రతి అయిదు శాతానికీ ఇలాంటి వరుస ఒకటి. 80 శాతం అన్నవి 70 శాతమే గెలుస్తుంటే మోడల్ అతిగా మాట్లాడుతోంది, ఊహా మ్యాచ్‌ల సంఖ్య పెంచండి.

ధర పక్కన పెట్టినప్పుడు

దిద్దుబాటుకి ముందు మోడల్ ప్రకారం నీలం గెలుపు 63.4 శాతం, ధర 1.65. రెండూ గుణిస్తే 1.047. అంటే 100 పెడితే సగటున 4.7 లాభం అని మోడల్ అంటోంది. డ్రాల దిద్దుబాటు చేశాక 62.4 × 1.65, లాభం 3.0కి దిగింది. నాలుగు సెల్స్ మారిస్తే మూడో వంతు లాభం ఎగిరిపోయింది.

ఇంకో అడుగు వేద్దాం. మోడల్ చెప్పిన 63.4కీ మార్కెట్ చెప్పిన 58.4కీ సగటు తీసుకుంటే 60.9. దాన్ని 1.65తో గుణిస్తే 1.005. ఇక మిగిలింది అర శాతం. మీ మోడల్ ఒక పెద్ద అవకాశం చూపిస్తున్నప్పుడల్లా మొదట అడగాల్సిన ప్రశ్న "మార్కెట్‌కి తెలిసి నాకు తెలియనిది ఏముంది?" అని. చాలాసార్లు జవాబు ఆ ఉదయం వార్తల్లో ఉంటుంది: స్ట్రైకర్‌కి గాయమో, కప్ మ్యాచ్ ముందుందని కోచ్ కుర్రాళ్లను దింపడమో. అందుకే నేను మోడల్ శాతాన్ని ఒంటరిగా ఎప్పుడూ వాడను, మార్కెట్‌తో కలిపే చూస్తాను. ఎవరికి ఎంత బరువివ్వాలో కూడా తాళం వేయని సీజన్ల లాగ్ నష్టమే చెబుతుంది.

ఎంత పెట్టాలన్న ప్రశ్నకి 1956లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ ఒక సూత్రం ఇచ్చారు. లాభం శాతాన్ని (ఆడ్స్ − 1)తో భాగించాలి. మోడల్ మాట పూర్తిగా నమ్మితే 4.7/0.65, ఉన్న సొమ్ములో 7.2 శాతం పెట్టమంటుంది. మార్కెట్‌తో కలిపిన శాతం వాడితే 0.8 శాతం. అదే మ్యాచ్, అదే ధర, అంచనాలో రెండున్నర శాతం తేడా, పందెంలో తొమ్మిది రెట్లు తేడా. అంచనా కాస్త తప్పినా కెల్లీ ఎంత ప్రమాదకరమో ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. తెలిసినవాళ్లు అందులో పావు వంతే వాడతారు. ఉత్తుత్తి పందేలకైతే ప్రతిసారీ ఒకే మొత్తం పెట్టండి, ఫలితం చదవడం తేలిక.

అదృష్టం ఎంత పెద్దదో కొలవండి

ఆడ్స్ 2.00 దగ్గర, గెలుపు ఓటములు సమానంగా ఉండే 100 పందేలు వేస్తే, ఏ ప్రతిభా లేకపోయినా లాభనష్టం సున్నాకి అటూ ఇటూ 10 శాతం ఊగడం మామూలే. లెక్క సులువు, 1ని పందేల సంఖ్య వర్గమూలంతో భాగించాలి. 1000 పందేలకి ఆ ఊగు 3.2 శాతం. మీకు నిజంగానే 2 శాతం ఆధిక్యం ఉందనుకుందాం, అది ఆ ఊగుకి రెండింతలు ఉండి స్పష్టంగా కనబడాలంటే 10,000 పందేలు కావాలి. 60 పందేలకి 12 శాతం లాభమొచ్చిందని ఎవరైనా స్క్రీన్‌షాట్ చూపిస్తే అందులో సమాచారం దాదాపు ఏమీ లేదు.

అందుకే లాభం కన్నా ముందుగా మాట్లాడే కొలత ఒకటి వాడతారు. మీరు ఉత్తుత్తి పందెం రాసుకున్నప్పటి ధర ఎంత, క్లోజింగ్ ధర ఎంత? 1.65కి రాసుకున్నది మ్యాచ్ సమయానికి 1.57కి పడిందంటే మార్కెట్ మీ వైపు కదిలింది. వంద మ్యాచ్‌ల్లో సగటున ఇలా జరుగుతుంటే మోడల్‌లో విషయం ఉంది. జరగకపోతే, లాభం ఎంత కనబడినా, అది అదృష్టం ఇచ్చిందని అనుకోవడమే క్షేమం.

ఇది బాగా నడిచాక

ఎక్సెల్‌లో సాల్వర్ అనే పరికరం ఉంది, ముందు యాడ్-ఇన్స్‌లో ఆన్ చేసుకోవాలి. సగటులతో బలాలు తీయడంలో ఒక అన్యాయం ఉంది. అన్నీ బలహీన జట్లతోనే ఆడిన జట్టు గొప్పగా కనబడుతుంది. సాల్వర్‌కి 20 దాడులు, 20 రక్షణలు, సొంత మైదానం అంకె, లీగ్ సగటు ఇచ్చి, నిజంగా పడిన స్కోర్లకు మోడల్ ఇచ్చే అవకాశాల ఎల్ఎన్‌లన్నీ కూడిన మొత్తం వీలైనంత పెరిగేలా వాటిని సర్దమనండి. దాడుల సగటు, రక్షణల సగటు చెరో 1 ఉండాలని షరతులు పెట్టాలి, లేకపోతే అంకెలన్నీ కలిసికట్టుగా తేలిపోతాయి. ఎవరితో ఆడారన్నది అప్పుడు దానంతటదే లెక్కలోకి వస్తుంది. పాత మ్యాచ్‌ల బరువు తగ్గించడానికి ఒక కాలమ్‌లో 0.5^(గడిచిన రోజులు/180) రాసి దాంతో గుణించండి. ఆరు నెలల నాటి మ్యాచ్‌కి సగం విలువే ఉంటుంది. గోల్స్ బదులు ఎక్స్‌జీ, అంటే అవకాశాల నాణ్యతను బట్టి లెక్కేసే అంచనా గోల్స్, దొరికితే బలాలకు అది మెరుగైన ముడిసరుకు.

క్రికెట్‌కి ఈ పట్టిక పనికిరాదు. పరుగులు అరుదైన సంఘటనలు కావు, ఒక వికెట్ పడితే తర్వాతి ఓవర్ ఆటే మారిపోతుంది. క్రికెట్, టెన్నిస్‌లకి ఈలో రేటింగ్‌తో మొదలుపెట్టండి. గెలిస్తే పాయింట్లు పెరిగి, ఓడితే తగ్గే ఈ పద్ధతి చదరంగం కోసం పుట్టింది. ప్రత్యర్థి కన్నా 100 పాయింట్లు ఎక్కువుంటే గెలుపు అవకాశం 64 శాతం, ఫార్ములా =1/(1+10^(−తేడా/400)). లీక్ పరీక్ష, లాగ్ నష్టం, తాళం వేసిన సీజన్లు మాత్రం ఏ ఆటకైనా ఇవే.

ఉత్తుత్తి పందేల పుస్తకం

పాత సీజన్ల పరీక్ష అయ్యాక కొత్త సీజన్ మొదలవుతుంది. కొత్త షీట్‌లో తేదీ, రాసిన గంట, మ్యాచ్, మోడల్ శాతం, మార్కెట్‌తో కలిపిన శాతం, అప్పటి ధర, క్లోజింగ్ ధర, ఫలితం, లాగ్ నష్టం అని తొమ్మిది కాలమ్‌లు పెట్టండి. లాభం కాలమ్ ఇప్పుడే వద్దు. అది ఉంటే కళ్లు దాని మీదికే పోతాయి, నాలుగు మ్యాచ్‌లు వరుసగా పోగానే టెన్షన్‌లో మోడల్‌ని తవ్వడం మొదలుపెడతారు. మ్యాచ్ మొదలవక ముందే వరుస రాయాలి, రాసిన వరుసని ఎప్పుడూ దిద్దకూడదు. మోడల్ మారిస్తే పాత వరుసల కింద ఒక గీత గీసి, మార్పు ఏమిటో ఒక వాక్యంలో రాసి, కొత్త లెక్క మొదలుపెట్టండి. 100 వరుసలు నిండాక ముందు క్లోజింగ్ ధర కాలమ్ చూడండి, తర్వాత లాగ్ నష్టం. 380 నిండాక లాభం కాలమ్ కలుపుకోవచ్చు.